అటకెక్కిన పాత పాటలు: హెచ్‌డీ2 ఓల్డీస్ రేడియో ఎలా ఉంది?

అమెరికాలో ఎఫ్‌ఎం డయల్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పినా 1955–65 నాటి పాట, అంటే ఓల్డీస్ అనేవి, ఒక్కటి తగలడం ఇప్పుడు అదృష్టమే. ఎనభైల పాటలు "క్లాసిక్ హిట్స్" అయి కూర్చున్నాయి. వాటికి ముందువి అటకెక్కాయి. ఆ అటక పేరు హెచ్‌డీ2. కొన్ని ఊళ్ళలో హెచ్‌డీ3, అరుదుగా హెచ్‌డీ4.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎఫ్‌ఎం స్టేషన్ తన మామూలు అనలాగ్ ప్రసారానికి అటూ ఇటూ, అదే లైసెన్సు మీద, డిజిటల్ సిగ్నల్ కూడా పంపుకోవచ్చని అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2002 అక్టోబరులో ఒప్పుకుంది. ఆ డిజిటల్ మూటలో మొదటిది హెచ్‌డీ1, అంటే అనలాగ్‌లో వచ్చేదే. మిగిలిన చోటులో హెచ్‌డీ2, హెచ్‌డీ3 అని వేరే కార్యక్రమాలు పెట్టుకోవచ్చు. టెక్నాలజీ ఐబిక్విటీ అనే కంపెనీది. 2015లో డీటీఎస్ దాన్ని కొన్నది, ఇప్పుడు అది ఎక్స్‌పెరి చేతిలో ఉంది. హెచ్‌డీ అంటే హై డెఫినిషన్ అని చాలామంది అనుకుంటారు కానీ అది వట్టి బ్రాండు పేరు. చందా లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. హెచ్‌డీ రేడియో సెట్టు మాత్రం ఉండి తీరాలి.

ఈ రివ్యూ ఏదో ఒక స్టేషన్ గురించి కాదు, హెచ్‌డీ2 మీద ఓల్డీస్ అనే సేవ మొత్తం గురించి. తీర్పు ముందే చెప్పేస్తే: పాటలకు మంచి మార్కులు, శబ్దానికి పాస్ మార్కులు, వాడకానికి ఫెయిల్. ఆ ఫెయిలైన చోటే అసలు శ్రోతలు ఉన్నారు. డెబ్బై దాటినవాళ్ళ కోసం నడిచే చానల్‌ను ముప్పై ఏళ్ళవాడి ఓపిక, వేళ్ళు, కళ్ళు ఉంటేగానీ దొరకని చోట పెట్టారు.

అటకెందుకు ఎక్కాయి?

ప్రకటనలు కొనే ఏజెన్సీలు ఎక్కువగా చూసేది 25 నుంచి 54 ఏళ్ళ శ్రోతల లెక్క. 1964లో పదిహేనేళ్ళ వయసులో ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని విన్నవాళ్ళు 1949లో పుట్టారు. 2004లో వాళ్ళకు 55 నిండాయి. మరుసటి ఏడాది, 2005 జూన్ 3న, న్యూయార్క్ 101.1లోని డబ్ల్యూసీబీఎస్ ఎఫ్‌ఎం 1972 నుంచి నడుపుతున్న ఓల్డీస్‌ను ఉన్నపళంగా ఆపేసి, రకరకాల కాలాల హిట్లను కలగలిపి వేసే "జాక్" అనే ఫార్మాట్‌లోకి మారింది. పాత పాటల్ని వెబ్‌సైట్‌లోకి, తర్వాత హెచ్‌డీ2లోకి పంపారు. ఆ రోజుల్లో హెచ్‌డీ సెట్టున్న ఇల్లు వెతికినా దొరికేది కాదు. గోల గట్టిగానే జరిగింది. 2007 జూలై 12న పాత పేరుతోనే మళ్ళీ కిందికి దింపారు, జాక్‌ను హెచ్‌డీ2కి ఎక్కించారు. దిగింది మాత్రం పాత ఓల్డీస్ కాదు, క్లాసిక్ హిట్స్. యాభైల పాటలు ఆ నిచ్చెన మళ్ళీ దిగలేదనే చెప్పాలి. లాస్ ఏంజెలెస్ కేఆర్‌టీహెచ్ లాంటి పెద్ద పేర్లన్నీ కాస్త ముందూ వెనకా అదే దారి పట్టాయి.

మరి శ్రోతల మీద డబ్బు రానప్పుడు హెచ్‌డీ2లో మాత్రం ఎందుకు ఉంచుతున్నారు? ఖర్చు తక్కువ కాబట్టి. ఒక కంప్యూటరు, పాటల హార్డ్‌డిస్కు, నెలకోసారి ఎవరైనా జాబితా సరిచూడటం, అంతే. ఇంకో కారణం గురించి ఎక్కువమందికి తెలియదు. అమెరికాలో గాలిలో వెళ్ళే రేడియో పాట రాసినవాళ్ళకు, స్వరపరిచినవాళ్ళకు రాయల్టీ కడుతుంది గానీ, పాడినవాళ్ళకు, రికార్డు కంపెనీకి కట్టదు. హెచ్‌డీ2 కూడా గాలిలో వెళ్ళేదే కనుక దానికీ అదే వర్తిస్తుంది. అదే పాట ఇంటర్నెట్‌లో వదిలితే రికార్డింగు హక్కులకు విడిగా, వినే మనిషి లెక్కన కట్టాలి. 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డయినవి ఫెడరల్ కాపీరైటు బయట ఉండేవి. 2018 అక్టోబరులో వచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం వాటినీ ఆ డిజిటల్ రాయల్టీ కిందికి తెచ్చింది. ఓల్డీస్ జాబితాలో సింహభాగం ఆ తేదీకి ముందువే. అందుకే స్ట్రీమింగ్‌లో వందమంది వింటే వందమంది ఖర్చు, టవరు మీద వందమంది విన్నా లక్షమంది విన్నా ఒకే ఖర్చు.

పాటలు

ఇక్కడ ఫిర్యాదు తక్కువ. ప్రధాన చానల్ కొన్ని వందల పాటల్నే తిప్పితిప్పి వేస్తుంది, ఎందుకంటే తెలియని పాట రాగానే శ్రోత స్టేషన్ మారుస్తాడని వాళ్ళ భయం. హెచ్‌డీ2కి రేటింగు భయం లేదు. గొంతులు కలిపి పాడే డూవాప్ గుంపులు, గిటార్ వాయిద్య సంగీతం, చార్టులో నలభయ్యో స్థానం దాకా వచ్చి ఆగిపోయినవి, రికార్డు రెండో వైపు పాటలు కూడా వినిపిస్తాయి. ప్రకటనలు దాదాపు ఉండవు. మంచి చానళ్ళలో పాటల మధ్య డాలస్‌లోని పామ్స్ సంస్థ చేసిన తరహా జింగిల్స్, కోరస్‌లో స్టేషన్ పేరు పాడేవి, వేస్తారు. ఆ ఆరు సెకన్ల కోరస్ లేకపోతే అది పాటల డబ్బా మాత్రమే, రేడియో అనిపించదు.

కానీ ఎవరూ చూసుకోని చానల్ ఎలా చెడిపోతుందో తెలుసుకోవాలి. మొదటి గుర్తు రీ-రికార్డింగులు. చాలామంది గాయకులు తమ హిట్లనే డెబ్బై, ఎనభైలలో వేరే కంపెనీలకు మళ్ళీ పాడి ఇచ్చారు. చవక పాటల సంకలనాల్లో దొరికేవి ఎక్కువగా అవే. డ్రమ్స్ మరీ శుభ్రంగా, గొంతు కాస్త బరువుగా ఉంటే అసలుది కాదని అర్థం. పదిహేనేళ్ళప్పుడు ఆ పాట వెయ్యిసార్లు విన్న మనిషికి మొదటి రెండు సెకన్లలోనే తెలిసిపోతుంది. రెండో గుర్తు మోనో, స్టీరియో గొడవ. అరవైల మధ్య దాకా రేడియోలో మోగింది 45 ఆర్‌పీఎం మోనో సింగిల్, అంటే రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం వినిపించే చిన్న రికార్డు. తర్వాత ఆల్బం కోసం చేసిన స్టీరియో మిక్సులో గొంతంతా ఒక చెవిలో, వాయిద్యాలన్నీ ఇంకో చెవిలో. ఒక చెవి మందగించినవాళ్ళకు ఆ మిక్సు హెడ్‌ఫోన్లో వేస్తే సగం పాటే. చూసుకుని నడిపే చానల్ మోనో సింగిల్‌నే వెతికి వేస్తుంది. అరగంట విని ఈ రెండూ గమనిస్తే ఆ చానల్ వెనక మనిషి ఉన్నాడో లేడో తేలిపోతుంది. తెర మీద పాట పేరు ఒకటి, మోగేది ఇంకొకటి అయితే లేడనే లెక్క.

శబ్దం

అనలాగ్, డిజిటల్ కలిపి పంపే మామూలు హైబ్రిడ్ పద్ధతిలో స్టేషన్‌కు మొత్తం దొరికేది సెకనుకు దాదాపు 96 కిలోబిట్లు, పొడిగించిన పద్ధతిలో సుమారు 120. దీన్నే అన్ని చానళ్ళూ పంచుకోవాలి. రెండే చానళ్ళయితే 48, 48. మూడయితే ప్రధానానికి 48 ఉంచి మిగతా రెంటికీ 24 చొప్పునో, 32, 16 గానో విడగొడతారు. నాలుగయితే పప్పులో నీళ్ళు పోసినట్టే.

శబ్దాన్ని కుదించి పంపే కోడెక్ హెచ్‌ఈ-ఏఏసీ కుటుంబానికి చెందింది. పై స్థాయి శబ్దాల్ని నేరుగా పంపదు. కింది శబ్దాన్ని చూసి అవి ఇలా ఉండి ఉంటాయని రేడియోలో మళ్ళీ తయారు చేసుకుంటుంది. 48లో ఇది బాగానే నడుస్తుంది. 32కి దిగితే టాంబరిన్ (గజ్జెల డప్పు) దగ్గర దొరికిపోతుంది: 'ఛల్' మని తెగాల్సిన చప్పుడు 'ష్‌ష్' అని సాగుతుంది, గులకరాళ్ళ మీద నీళ్ళు పారినట్టు. చప్పట్లు కూడా అంతే. 24లో కోరస్ పాడేవాళ్ళంతా ఒకే గొట్టంలోంచి పాడుతున్నట్టుంటుంది.

ఓల్డీస్‌కు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. పాట మోనో అయినప్పుడు చానల్‌ను కూడా మోనోగా పెడితే 32 కిలోబిట్లన్నీ ఒకే శబ్దానికి దక్కుతాయి, వినడానికి 48 స్టీరియోకు దగ్గరగా వస్తుంది. అలా పెట్టే ఇంజనీర్లు తక్కువ. స్టీరియో గుర్తు వెలగకపోతే ఫోన్లు వస్తాయని భయం కాబోలు.

వయసుతో వచ్చే వినికిడి లోపం ముందు పై స్థాయి శబ్దాల్నే తింటుంది, కాబట్టి 10 కిలోహెర్ట్జ్ పైన కోడెక్ చేసే మోసం డెబ్బై దాటినవాళ్ళకు అంతగా తెలియదు. వాళ్ళను ఇబ్బంది పెట్టేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, హల్లులు పలికే చోట, కలిగే మసక. రేడియోలో ట్రెబుల్ రెండు మెట్లు పెంచి, బాస్ రెండు మెట్లు తగ్గించి చూడండి. ట్రెబుల్ చివరి దాకా పెంచితే ఆ 'ష్‌ష్' ఇంకా పెరుగుతుంది. హియరింగ్ ఎయిడ్‌లో సంగీతానికి విడిగా ప్రోగ్రాం ఉంటే దానికి మార్చాలి. మాటల కోసం చేసిన సెట్టింగులో నిలకడగా మోగే ఆర్గన్ శబ్దాన్ని అది గోలనుకుని నొక్కేయవచ్చు.

సిగ్నల్: వస్తే వచ్చింది, లేకపోతే నిశ్శబ్దం

ఈ సేవలో ఎక్కువ మందిని విసిగించేది ఇదే. హెచ్‌డీ1 సిగ్నల్ తగ్గితే రేడియో చప్పుడు కాకుండా అనలాగ్‌కు జారుకుంటుంది, పాట ఆగదు. హెచ్‌డీ2కి కింద అలా పట్టుకునేది ఏమీ లేదు. తగ్గితే గరగరమనదు, నీరసంగా వినపడదు, పూర్తిగా ఆగిపోతుంది. అనలాగ్ రేడియోతో జీవితమంతా గడిపినవాళ్ళకు గరగర అంటే 'యాంటెన్నా కదుపు' అని అర్థం. నిశ్శబ్దమంటే 'రేడియో పాడైంది' అని అర్థం.

బలం ఎంతో చూడండి. మొదట్లో డిజిటల్‌కు అనుమతించింది అనలాగ్ బలంలో 1 శాతం. 50,000 వాట్ల స్టేషన్‌కు అది 500 వాట్లు. 2010 జనవరిలో ఎఫ్‌సీసీ చాలా స్టేషన్లకు 4 శాతం దాకా, అంటే ఇదే లెక్కలో 2,000 వాట్ల దాకా, పక్క స్టేషన్లకు ఇబ్బంది లేని చోట 10 శాతం దాకా పెంచుకోనిచ్చింది. పెంచాలంటే కొత్త ట్రాన్స్‌మిటరు, కరెంటు బిల్లు. అటక మీది సామాను కోసం ఎవరు పెడతారు? కొందరు ఇంకా 1 శాతం దగ్గరే ఉన్నారు. పెద్ద స్టేషనైనా టవరుకు 30, 40 మైళ్ళు దాటితే ఇంట్లో హెచ్‌డీ2ను నమ్ముకోవద్దు.

దూరం తక్కువైనా రాకపోతే పక్క స్టేషన్‌ను అనుమానించాలి. డిజిటల్ సిగ్నల్ మధ్య ఫ్రీక్వెన్సీకి 129 నుంచి 198 కిలోహెర్ట్జ్ దూరంలో రెండు వైపులా ఉంటుంది. అంటే 101.1 డిజిటల్ భాగం నిజానికి 100.9, 101.3 ఇంటి గుమ్మాల్లో కూర్చుంటుంది. ఆ రెంటిలో ఒకటి మీ ఊరికి దగ్గరదైతే ఆ వైపు భాగం కొట్టుకుపోతుంది. రెండు వైపులా ఒకే సమాచారం ఉంటుంది కాబట్టి ఒక్క వైపుతోనూ పాట నడుస్తుంది, కానీ బొటాబొటీగా. అప్పుడు వంటింట్లో మైక్రోవేవ్ తలుపు తెరిచినా, రేడియో ముందు నుంచి మనిషి నడిచి వెళ్ళినా ఆగుతుంది.

ఇంకో రకం ఉంది: హెచ్‌డీ గుర్తు నిలకడగా వెలుగుతూ హెచ్‌డీ1 చక్కగా వస్తూ హెచ్‌డీ2, హెచ్‌డీ3 రెండూ ఒకేసారి మాయం. అది మీ యాంటెన్నా తప్పు కాదు. స్టేషన్‌లో అదనపు చానళ్ళను మూటగట్టే కంప్యూటరును ఇంపోర్టర్ అంటారు. అది మొరాయిస్తే ప్రధాన చానల్ ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది. స్టేషన్ వాళ్ళు ఎవరూ హెచ్‌డీ2 వినరు గనుక ఒక్కోసారి శుక్రవారం సాయంత్రం పోయింది సోమవారం దాకా అలాగే పడి ఉంటుంది. స్టేషన్ ఇంజనీరుకు ఒక ఈమెయిలు పెట్టండి, ఏ రోజు, ఏ గంట నుంచి, హెచ్‌డీ1 వస్తోందా లేదా అన్నది రాయండి. చాలాసార్లు ఆ ఈమెయిలే వాళ్ళకు మొదటి కబురు.

యాంటెన్నా

సెట్టుతో వచ్చే సన్నని తీగ అనలాగ్‌కు చాలు, హెచ్‌డీ2కి చాలదు. చవకైన మందు డైపోల్ అనే టీ ఆకారపు తీగ యాంటెన్నా. అడ్డతీగ మొత్తం పొడవు 145 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి, అంటే ఒక్కో చేయి సుమారు 72. అది 98 మెగాహెర్ట్జ్ దగ్గర సగం తరంగానికి సరిపోయే కొలత, మొత్తం ఎఫ్‌ఎం బ్యాండుకు పనిచేస్తుంది. డైపోల్ 300 ఓములది, రేడియో వెనక గుండ్రని మరల కనెక్టరు ఉంటే అది 75 ఓములది. మధ్యలో మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి, అగ్గిపెట్టె కంటే చిన్నది. అది పెట్టకుండా తీగల్ని దూర్చి ఊరుకుంటే సిగ్నల్‌లో కొంత భాగం అక్కడే పోతుంది. కొన్ని సెట్లకు బయటి యాంటెన్నా పెట్టే చోటే ఉండదు, కొనేముందు వెనక వైపు ఫొటో చూసుకోండి.

తీగ రెండు చివరల్ని టవరు వైపు చూపించకూడదు. టవరుకు అడ్డంగా చాచాలి. టవరు ఎటు ఉందో ఎఫ్‌సీసీ ఎఫ్‌ఎం క్వెరీ పేజీలో స్టేషన్ పేరు కొడితే అక్షాంశ రేఖాంశాలతో వస్తుంది. కిటికీ పక్కన, వీలైనంత ఎత్తున పెట్టండి. వేడిని ఆపే లోహపు పూత ఉన్న అద్దమైతే ఆ కిటికీ గోడ కంటే అన్యాయం. తరంగం పొడవు మూడు మీటర్లు కాబట్టి అంగుళం అంగుళం జరిపి లాభం లేదు, ఒక్కోసారి 70 సెంటీమీటర్లు జరిపి చూడాలి. ప్రతిసారీ పది సెకన్లు ఆగాలి, డిజిటల్ మళ్ళీ పట్టుకోవడానికి అంత పడుతుంది. ఆగకుండా జరుపుతూ పోతే మంచి చోటు కూడా దాటిపోతుంది. ఎల్‌ఈడీ బల్బులు, చవకరకం చార్జర్లు దగ్గరుంటే ఒక్కొక్కటి తీసి చూడండి. నగరం మధ్యలో ఉండి సిగ్నల్ పెంచే బూస్టర్ కొనాలనుకుంటే వద్దు. దగ్గరి టవర్ల బలం దాన్ని ముంచేసి ఉన్నదీ పోగొడుతుంది.

ఊహతో కాకుండా అంకెలతో చూడాలనుకునేవాళ్ళకు ఒక దారి: కంప్యూటరుకు తగిలించే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే చిన్న రేడియో డాంగిల్, ఎన్‌ఆర్‌ఎస్‌సీ5 అనే ఉచిత ప్రోగ్రాం. ఫ్రీక్వెన్సీ, దాని పక్కన చానల్ అంకె ఇవ్వాలి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, హెచ్‌డీ2కి 1 కొట్టాలి. పాట వినిపిస్తూనే కింది వైపు, పై వైపు డిజిటల్ భాగాల నాణ్యతను డెసిబెల్స్‌లో విడివిడిగా చూపిస్తుంది. ఒక అంకె బాగుండి ఇంకోటి పాతాళంలో ఉంటే పక్క స్టేషన్ తినేస్తోందన్నమాట. రెండూ తక్కువైతే దూరమో, యాంటెన్నానో. మనవడో మనవరాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని అరగంట కూర్చుంటే ఇంట్లో సరైన మూల దొరుకుతుంది.

సెట్లు

ఇక్కడి చరిత్ర దిగులు పుట్టిస్తుంది. సోనీ 2008లో వంద డాలర్ల ప్రాంతంలో ఎక్స్‌డీఆర్-ఎఫ్1హెచ్‌డీ అనే ట్యూనర్ తెచ్చింది. దూరపు సిగ్నళ్ళు పట్టడంలో దాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటారు. మరీ వేడెక్కుతుంది, అందుకే పాతది కొంటే పైన ఏమీ పెట్టకుండా గాలి ఆడేలా ఉంచాలి. 2009లో బెస్ట్ బై సొంత బ్రాండు ఇన్‌సిగ్నియా యాభై డాలర్లకు జేబు రేడియో అమ్మింది. అదే ఏడు మైక్రోసాఫ్ట్ జూన్ హెచ్‌డీలో కూడా ఈ ట్యూనర్ ఉండేది. అవన్నీ పోయాయి. ఇంట్లో పెట్టుకునే సెట్లలో చాలాకాలంగా నిలబడ్డ పేరు సాంజీన్: చేతిలో పట్టేది హెచ్‌డీఆర్-14, బల్ల మీద పెట్టుకునే చెక్కపెట్టె హెచ్‌డీఆర్-18. పెద్దవాళ్ళకైతే బల్ల మీదిదే కొనండి. చిన్నదాని అక్షరాలు చదవాలంటే భూతద్దం కావాలి.

కొత్త కార్లలో హెచ్‌డీ చాలావాటికి వస్తోంది, ఈ సేవ నిజంగా బాగా పనిచేసేది కూడా కారులోనే: బయట యాంటెన్నా, మంచి ట్యూనర్. హెచ్‌డీ2 అసలు కనపడకపోతే ముందు మెనూలో హెచ్‌డీ ఆఫ్‌లో ఉందేమో చూడండి. హెచ్‌డీ1 దగ్గర పాట ఎగిరెగిరి పడుతోందని విసిగి చాలామంది దాన్ని ఆపేస్తారు. అనలాగ్‌ను, డిజిటల్‌ను స్టేషన్ ఒకే సమయానికి సరిచేయకపోవడం వల్ల వచ్చే రోగం అది. ఆపితే హెచ్‌డీ2 కూడా పోతుంది. చిక్కేమిటంటే ఈ పాటల శ్రోతల్లో చాలామంది కారు నడపడం మానేశారు, మానేస్తున్నారు.

ఇక వాడకం. ముందు 101.1కి పోవాలి. హెచ్‌డీ గుర్తు మినుకుమినుకుమనడం ఆగేదాకా ఉండాలి. అప్పుడు ట్యూన్ మీట ఇంకోసారి పైకి నొక్కితే హెచ్‌డీ2. తొందరపడి గుర్తు నిలబడకముందే నొక్కితే 101.3కి పోతుంది. చేతివణుకు ఉన్నవాళ్ళు రెండుసార్లు నొక్కేస్తే హెచ్‌డీ3కి, అక్కడ ఏ వార్తలో. ప్రీసెట్‌లో దాచుకున్నా బాధ పూర్తిగా తీరదు. నొక్కాక 5 నుంచి 10 సెకన్లు ఏమీ వినపడదు. ఆ నిశ్శబ్దంలో 'పడలేదు కాబోలు' అని మళ్ళీ నొక్కుతారు, కొన్ని సెట్లలో లెక్క మొదటికొస్తుంది. మీట కాసేపు ఎక్కువ నొక్కి పట్టుకుంటే ఇప్పుడున్నది ఆ ప్రీసెట్‌లో దాఖలైపోయి పాతది చెరిగిపోతుంది. 'రేడియోలో పాటలు పోయాయి' అని పిల్లలకు వచ్చే ఫోన్లలో దీని వాటా తక్కువేమీ కాదు.

కొనేముందు ఇవి చూడండి

మీ ఊరి హెచ్‌డీ2 ఓల్డీస్ మామూలు ఎఫ్‌ఎంలోనే ఇంకో అంకె మీద దొరకవచ్చు. ట్రాన్స్‌లేటర్ అనే చిన్న ఎఫ్‌ఎం స్టేషన్లు, గరిష్ఠంగా 250 వాట్లవి, హెచ్‌డీ2ను తీసుకుని అనలాగ్‌గా మళ్ళీ ప్రసారం చేయడానికి అనుమతి ఉంది. నిజానికి ఎన్నో హెచ్‌డీ2 చానళ్ళు బతుకుతున్నది ఈ ట్రాన్స్‌లేటరుకు దాణా వేయడానికే. మీ ఇల్లు దాని పరిధిలో ఉంటే కొత్త సెట్టు దండగ, ఇంట్లో ఉన్న పాత రేడియో చాలు. చానల్ వెబ్‌సైట్‌లో రెండు అంకెలు రాసి ఉంటే రెండోది ఇదే.

షికాగోలో ఉన్నవాళ్ళకు ఇంకా తేలిక. వీగెల్ సంస్థ 2015 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన మీటీవీ ఎఫ్‌ఎం 87.7 మీద వస్తుంది. అది అసలు ఎఫ్‌ఎం స్టేషనే కాదు, ఆరో నంబరు టీవీ చానల్ తాలూకు శబ్దం. ఆ శబ్దం 87.75 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది, మామూలు రేడియో డయల్ ఎడమ చివరకు అందుతుంది. తక్కువ శక్తి అనలాగ్ టీవీ 2021 జూలైలో ముగిసినా, నడుస్తున్న ఇలాంటి 14 స్టేషన్లు కొనసాగవచ్చని 2023 జూలైలో ఎఫ్‌సీసీ తేల్చింది. మెత్తని పాత పాటలు, లోతైన జాబితా. ముప్పై ఏళ్ళ నాటి వంటింటి రేడియోలోనూ వస్తుంది కాబట్టి, ఈ వయసు శ్రోతలకు చేరే దారి దీనికే తెలిసిందనాలి.

శాటిలైట్ రేడియోలో దశాబ్దాల వారీగా చానళ్ళున్నాయి, శబ్దం హెచ్‌డీ2 కంటే పెద్ద మేలేమీ కాదు, పైగా నెలనెలా చందా. స్మార్ట్ స్పీకరు నోటితో అడిగితే చాలు గనుక చేతులకు సుఖం. అయితే ఇంట్లో ఇంటర్నెట్ ఉండాలి, స్టేషన్ పేరు అది అర్థం చేసుకునేలా పలకాలి, ఇంగ్లిష్ యాస వేరైతే ఆ యుద్ధం వేరు.

టవరుకు 25 మైళ్ళ లోపు ఉండి, ట్రాన్స్‌లేటర్ అందని చోట, ఒకసారి వచ్చి అమర్చిపెట్టే మనిషి ఉంటే హెచ్‌డీ సెట్టు కొనండి. అలాంటి మనిషి లేకుండా పెట్టెను పోస్టులో పంపించి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పేస్తే ఆ పెట్టె పెట్టెలోనే ఉంటుంది. అమర్చేటప్పుడు ఒకటో ప్రీసెట్‌లో హెచ్‌డీ2, రెండో దాంట్లో అదే స్టేషన్ హెచ్‌డీ1 పెట్టండి, మూడు నుంచి చివరి దాకా కూడా హెచ్‌డీ2నే నింపండి, రెండు తప్ప ఏది నొక్కినా ఈ పాటలే వస్తాయి. యాంటెన్నాను టేపుతో గోడకు అంటించేయండి, శుభ్రం చేసేవాళ్ళు కదపకుండా. ఆపైన ఒక చీటీ, పెద్ద అక్షరాలతో, రేడియో మీద:

"ఒకటి నొక్కండి. పది దాకా లెక్కపెట్టండి. మళ్ళీ నొక్కవద్దు. పాట రాకపోతే రెండు నొక్కండి. రెండులో ఏదైనా వినిపిస్తూ హెచ్‌డీ గుర్తు నిలకడగా వెలుగుతుంటే రేడియో బాగానే ఉంది, స్టేషన్ వాళ్ళ కంప్యూటరు పడుకుంది. నాకు ఫోన్ చేయండి, వాళ్ళకు నేను రాస్తాను."